పదిహేడు నంబర్ నట్టు

రెండు చుట్లు వేళ్లతోనే సాఫీగా తిరిగింది. మూడో చుట్టు మొదలవుతూనే బిగుసుకుంది. కుర్రాడు పానా పెట్టాడు, పానాకు ఇనప పైపు తొడిగాడు. అప్పటిదాకా పక్క బండి కింద పడుకుని ఉన్న కాక పాక్కుంటూ బయటికొచ్చి పైపు మీద చెయ్యి వేశాడు.

"ఆగు బిడ్డా. తుప్పయితే మొదటి చుట్టుకే తెలుస్తది. రెండు చుట్లు తిరిగి ఆగిందంటే అది దాని జోడు గాదు."

"పదిహేడు నంబరే తెచ్చిన కాకా. పాత నట్టుకు పట్టిన పానానే దీనికీ పట్టింది."

"పానా పట్టుడు వేరు, మర పట్టుడు వేరు."

సూరత్‌ లింబాయత్‌లో ఒక రేకుల షెడ్డు ముందు విన్న మాట ఇది. సూరత్‌లో తెలుగువాళ్లంటే ముందు గుర్తొచ్చేది మరమగ్గాలే. తెలంగాణ నుంచి తరాలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో. నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఆ షెడ్డు మెకానిక్ అయిన కాక కూడా మగ్గాల మీదే పని మొదలుపెట్టాడు. మగ్గానికి బోల్టులు బిగించిన చెయ్యే తర్వాత బండ్ల కిందికి చేరింది. తెలుగులో మర అన్న మాట యంత్రానికీ చెల్లుతుంది, బోల్టు మీది చుట్టుకీ చెల్లుతుంది. ఆయన జీవితంలో ఆ రెండు అర్థాలూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

స్టీరింగ్ భాగం మార్చేటప్పుడు నట్టూ బోల్టూ కుదరకపోతే ఏం చేయాలన్న దానిపై మెకానిక్కుల్లో, బండి సొంతదారుల్లో, విడిభాగాల దుకాణాల్లో రకరకాల నమ్మకాలున్నాయి. కొన్ని అనుభవం నేర్పినవి. కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. ఇంజను బోల్టు వదులైతే ఆయిల్ కారుతుంది, మహా అయితే బండి ఆగిపోతుంది. టై రాడ్ నట్టు ఊడితే మాత్రం చక్రం తన దారి తాను చూసుకుంటుంది. చేతిలో స్టీరింగ్ ఉండీ లేనట్టే. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి తిరగేసి చూడాలనిపించింది.

మామూలు కారు స్టీరింగ్‌లో మరలున్న చోట్లు మరీ ఎక్కువేం కావు. స్టీరింగ్ కాలమ్ కింద, ర్యాక్‌లోకి దిగే కడ్డీని పట్టి ఉంచే బోల్టు ఒకటి. ర్యాక్‌ను బండి చట్రానికి బిగించే బోల్టులు. ర్యాక్ కొసకు బిగిసే లోపలి రాడ్, దాన్ని ర్యాక్ ఎండ్ అంటారు. ఆ రాడ్‌కు తొడిగే టై రాడ్ ఎండ్, అది తిరగకుండా పట్టే చెక్ నట్. చివరగా టై రాడ్ ఎండ్‌లోని బాల్ జాయింట్ స్టడ్, చక్రం దగ్గరున్న నకిల్ చేతి రంధ్రంలో కూర్చుని నట్టుతో బిగిసే చోటు. గొడవల్లో ఎక్కువ భాగం ఈ చివరి చోటే పుడతాయి కాబట్టి ఎక్కువసేపు అక్కడే నిలబడదాం.

మరకు ముఖ్యంగా రెండు కొలతలు. ఒకటి లావు, రెండోది చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం, అంటే పిచ్. 10 మిల్లీమీటర్ల బోల్టుకు ముతక మరలో పిచ్ 1.5. సన్న మరలో 1.25, ఇంకా సన్నదైతే 1. 12 మిల్లీమీటర్ల దానికి ముతక మర 1.75, సన్న మరలు 1.5, 1.25. స్టీరింగ్ స్టడ్‌ల మీద సాధారణంగా కనిపించేది సన్న మర. గాడి లోతు తక్కువ కాబట్టి అదే లావులో నడుమ ఉక్కు ఎక్కువ మిగులుతుంది, అదురుకు తొందరగా వదలదు. హార్డ్‌వేర్ దుకాణం డబ్బాలో చేతికి ముందు తగిలేది మాత్రం ముతక మర. ఆ రోజు కుర్రాడు తెచ్చిన నట్టు 10 లావు, 1.5 పిచ్. స్టడ్ 10 లావే, పిచ్ 1.25. ఒక్కో చుట్టుకు పావు మిల్లీమీటరు తేడా పోగవుతూ వచ్చి, రెండు చుట్లు దాటేసరికి నట్టు మర గోడ స్టడ్ మర గోడను ఢీకొంది. అక్కడ పైపు తొడిగి తిప్పితే నట్టు ఎక్కకపోదు. ఎక్కుతుంది. ఎక్కినంత మేరా స్టడ్ మరను కోసుకుంటూ ఎక్కుతుంది. పైకి చూస్తే బ్రహ్మాండంగా బిగిసినట్టే ఉంటుంది. చేతికి తగిలిన ఆ బిగువు జాయింటును పట్టుకున్న బిగువు కాదు, ఇనుము చిరుగుతున్న బిగువు.

ఈ తప్పుకు మూలం కుర్రాడి నిర్లక్ష్యం కాదని నా అభిప్రాయం. మనం నట్టును పిలిచే పేరులోనే తప్పుంది. సూరత్‌లోనైనా కరీంనగర్‌లోనైనా దుకాణానికి వెళ్లి పద్నాలుగు నంబర్ బోల్టు, పదిహేడు నంబర్ నట్టు అని అడుగుతాం. అది పానా కొలత, తల వెడల్పు. మరకు దానికీ ఖాయమైన సంబంధం లేదు. 10 మిల్లీమీటర్ల బోల్టు తల జపాన్ కార్లలో తరచూ 14 పానాకు సరిపోతుంది. పాత జర్మన్ కొలతలో 17కి, ఇప్పటి అంతర్జాతీయ కొలతలో 16కి. 12 మిల్లీమీటర్ల దానికి అదే వరసలో 17, 19, 18. అంటే పదిహేడు నంబర్ అన్న ఒక్క మాట కింద 10 లావు నట్టూ ఉంది, 12 లావు నట్టూ ఉంది, వాటిలో మళ్లీ రెండు మూడు పిచ్‌లూ ఉన్నాయి. దుకాణదారు ఇచ్చిందీ తప్పు కాదు, కుర్రాడు అడిగిందీ తప్పు కాదు. ఆ పేరు మోయాల్సిన సమాచారాన్ని మోయదు, అంతే.

మా నానమ్మ దగ్గర ఒక ఇత్తడి మరచెంబు ఉండేది. రైలు ప్రయాణానికి నీళ్లు అందులోనే. ఇంట్లో అలాంటివి రెండు ఉన్నా ఒకదాని మూత రెండోదానికి పట్టేది కాదు, ఎందుకంటే ఏ చెంబు మర ఆ చెంబుకే చేత్తో చేసింది. లోకంలోని బోల్టులన్నీ ఒకప్పుడు అలాంటివే. 1841లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ విట్‌వర్త్ అందరికీ ఒకే మర ఉండాలని 55 డిగ్రీల కోణంతో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలదాన్ని తెచ్చాడు. 1947లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పుట్టినప్పుడు దాని మొట్టమొదటి సాంకేతిక సంఘానికి అప్పజెప్పిన విషయం మరలే. మన దేశంలో 1958 నుంచి మెట్రిక్ కొలతలు అమల్లోకి వచ్చినా రోడ్డు మీద ఇంచీ మరలు చాలాకాలం తిరిగాయి. అంబాసిడర్‌లో ఇంచీ మరలే, పాత జీపుల్లోనూ అవే. 1983 చివర మారుతీ 800 వచ్చాక షెడ్లలో మెట్రిక్ సన్న మరల కాలం మొదలైంది. కానీ పాత డబ్బాలో పాత నట్టులు అలాగే మిగిలిపోయాయి.

అన్నిటికన్నా ప్రమాదమైన పొరపాటు ఆ డబ్బాలోనే ఉంది. అర ఇంచీ సన్న మర నట్టుకు ఇంచీకి 20 చుట్లు, అంటే పిచ్ 1.27 మిల్లీమీటర్లు. దాన్ని 12 లావు, 1.25 పిచ్ ఉన్న స్టడ్‌కు తొడిగితే ఎక్కడా ఆగదు. పిచ్ దాదాపు ఒకటే, లావు మాత్రం 12.7. మర అంచులు ఒకదాన్నొకటి రాసుకునీ రాసుకోనట్టుగా పట్టుకుంటాయి. కొంచెం బిగువు కూడా చూపిస్తుంది. మూడో చుట్టుకే మొరాయించిన నట్టు నిజానికి మనకు మేలు చేసింది, ముందే చెప్పింది. నోరెత్తకుండా ఎక్కి కూర్చునే నట్టే గుంత వచ్చినప్పుడు జారిపోతుంది. అందుకే తేలిగ్గా ఎక్కిందని సంతోషించకుండా, సగం దాకా ఎక్కించి పక్కలకు ఊపి చూడాలి. లొడలొడలాడితే అది జోడు కాదు.

కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రంపపు పళ్ల రేకుల గుత్తిలా ఉండే పిచ్ గేజ్ పెద్ద ఖరీదు వస్తువు కాదు. అదీ లేకపోతే స్కేలు చాలు: పది చుట్ల పొడవు పన్నెండున్నర మిల్లీమీటర్లుంటే 1.25, పదిహేనుంటే 1.5. కాక అదీ చేయడు. పిచ్ తెలిసిన బోల్టును స్టడ్ పక్కన ఆనించి వెలుతురుకెదురుగా పట్టి చూస్తాడు. రెండు మరలూ పళ్లు కరచుకున్నట్టు కలిసిపోతే వెలుతురు దూరదు. కలవకపోతే నడుమ సందులు మెరుస్తాయి. ఇక నట్టు ఎక్కించే తీరు మా నానమ్మ మరచెంబు మూత పెట్టిన తీరే. ముందు ఎడమకు తిప్పాలి. మర అంచు మీద నుంచి నట్టు చిన్నగా ఒక మెట్టు దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పితే వంకరగా ఎక్కడమన్నదే ఉండదు. కనీసం నాలుగైదు చుట్లు వేళ్లతో తిరిగాకే పానా.

మర కుదిరినంత మాత్రాన జాయింటు కుదిరినట్టు కాదు. నట్టు పని లాగి పట్టడమే. బరువు మోసేది నిజానికి టేపర్. బాల్ జాయింట్ స్టడ్ పైకి పోతున్నకొద్దీ సన్నబడుతుంది, నకిల్ రంధ్రం కూడా అదే వాలులో ఉంటుంది. రెండు ఏటవాలు గోడలు ఒకదానిలో ఒకటి కూరుకుని రాపిడితో పట్టుకుంటాయి, గొడ్డలి పిడిలో దిగిన చీలలాగా. ఈ వాలు అన్ని బండ్లకూ ఒకటి కాదు. కొన్నిటిలో 8 మిల్లీమీటర్ల పొడవుకు వ్యాసం ఒక మిల్లీమీటరు తగ్గుతుంది, కొన్నిటిలో 10కి ఒకటి. 16 మిల్లీమీటర్ల పొడవున్న టేపర్ మీద ఈ రెంటికీ తేడా 0.4 మిల్లీమీటరు. కంటికి ఆనదు. కానీ స్టడ్ రంధ్రం గోడకంతటికీ ఆనకుండా ఒక్క అంచు దగ్గరే ఉంగరంలా ఆనుతుంది. మలుపు మలుపుకూ అక్కడ సన్నగా కదులుతూ, ఏదో ఒకనాడు స్టడ్ ఆ గీత దగ్గరే తెగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి కాక చేసే పని నాకు చాలా నచ్చింది. కొత్త స్టడ్‌ను తుడిచి, దాని టేపర్ మీద వేలితో పలచగా కాటుక రాస్తాడు. నకిల్ రంధ్రంలో పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కి, కొద్దిగా తిప్పి తీస్తాడు. రంధ్రం లోపల నలుపు అంతటా సమంగా అంటితే టేపర్ కుదిరింది. పైనో కిందో ఒక్క గీతలా అంటితే ఆ భాగం ఎంత బాగున్నా దుకాణానికి తిరుగుటపా. పెద్ద కర్మాగారాల్లో నీలం రంగు రాసి చేసే పరీక్ష కూడా ఇదే. పరీక్ష అయ్యాక కాటుక మరక మిగలకుండా రెండు వైపులా తుడిచేస్తాడు. ఎందుకు తుడవాలో కాసేపట్లో చెబుతాను.

టేపర్ కుదరకపోతే కనిపించే మరో లక్షణం లోతు. స్టడ్ మరీ లోపలికి దిగిపోతే నట్టు మర చివరిదాకా వెళ్లి అక్కడ బిగుసుకుంటుంది, టేపర్ మాత్రం ఇంకా వదులుగానే ఉంటుంది. అప్పుడు చాలామంది కింద ఒక వాషర్ వేసి సర్దేస్తారు. ఇది నాకు మింగుడుపడదు. రంధ్రం అరిగి పెద్దదైంది కాబట్టో, భాగం వేరే బండిది కాబట్టో స్టడ్ లోతుకు దిగింది. వాషర్ ఆ రెంటిలో దేన్నీ బాగుచేయదు, కనబడకుండా కప్పుతుంది. రంధ్రం అరిగితే నకిల్ మార్చాలి. ఖర్చే, కాదనను. మార్కెట్లో పాత బండ్ల నుంచి తీసిన మంచి నకిల్‌లూ దొరుకుతాయి, వాటినీ కాటుక పరీక్షకు పెట్టి తీసుకోవచ్చు.

నట్టుతోపాటు స్టడ్ కూడా గిర్రున తిరగడం ఇంకో తలనొప్పి. నైలాన్ వలయం ఉన్న నైలాక్ నట్టుతో ఇది ఎక్కువ. నైలాన్ మరను పట్టే రాపిడి, ఇంకా కూర్చోని టేపర్ రాపిడి కన్నా ఎక్కువై స్టడ్‌ను తనతో తిప్పుకుంటుంది. రబ్బరు బూటులోంచి ప్లయర్‌తో స్టడ్‌ను పట్టేవాళ్లను చూశాను. బూటు చిరిగితే ఆ జాయింటు ఆయుష్షు అక్కడికే తీరిపోయినట్టు. మందు చాలా తేలిక. కింద జాకీ పెట్టో, పైనుంచి సబ్బలితో అదిమో టేపర్‌ను రంధ్రంలోకి నొక్కి పట్టి నట్టు తిప్పాలి. లేదా అదే మర ఉన్న మామూలు నట్టుతో ముందు టేపర్‌ను కూర్చోబెట్టి, దాన్ని తీసి నైలాక్ వేయాలి. కొన్ని స్టడ్‌ల కొసన ఆలెన్ కీ పెట్టే గుంట కూడా ఉంటుంది. వాడిన నైలాక్ నట్టును మళ్లీ వాడొద్దు. దాని పట్టు మొదటిసారికే తగ్గుతుంది.

కోట బురుజుల్లా పళ్లున్న క్యాజిల్ నట్టు వేరే రకం. సరైన బిగువు వచ్చాక స్టడ్ రంధ్రం, నట్టు గాడి ఎదురెదురుగా రాకపోతే, నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ దూరదు. ఇక్కడ చేసే తప్పు నట్టును కొంచెం వెనక్కి వదలడం. వెనక్కి వదిలితే టేపర్ మీది లాగు అంతా పోతుంది. తర్వాతి గాడి వచ్చేదాకా ముందుకే బిగించాలి. ఆరు గాళ్లున్న నట్టులో ఎక్కువలో ఎక్కువ 60 డిగ్రీలు. 1.25 పిచ్‌లో అది నిలువునా 0.2 మిల్లీమీటరు కదలిక మాత్రమే. పిన్ బదులు మేకో, తీగ ముక్కో దూర్చడం కూడా వద్దు. కొత్త పిన్ ధర టీ ధరకు మించదు.

ఆయిల్ రాసి బిగించాలా, పొడిగా బిగించాలా అన్నది మెకానిక్కుల మధ్య ఎప్పటికీ తెగని వాదం. ఇక్కడ లెక్క కొంత సాయం చేస్తుంది. పానాతో మనం పెట్టే బలంలో దాదాపు పదో వంతే నట్టు లాగుగా మారుతుంది, మిగతాదంతా రాపిడే తినేస్తుంది. 10 లావు స్టడ్ నట్టును పొడిగా 40 న్యూటన్ మీటర్లకు బిగిస్తే దాదాపు రెండు టన్నుల బరువంత లాగు పుడుతుంది. అదే మరకు ఆయిల్ పూసి అంతే బిగిస్తే రాపిడి తగ్గి లాగు రెండున్నర టన్నులు దాటుతుంది. కాబట్టి తయారీదారు పుస్తకంలో ఇచ్చిన అంకె పొడి మరకా, ఆయిల్ మరకా అన్నది చూసి బిగించాలి. టేపర్ విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. రాపిడితోనే పట్టుకునే గోడకు జిడ్డు రాస్తే స్టడ్ ఉండాల్సిన దానికన్నా లోతుకు దూసుకుపోయి రంధ్రాన్ని చీల్చినంత పని చేస్తుంది. కాక కాటుక అంత శ్రద్ధగా తుడిచేది ఇందుకే. చిన్న కార్లలో ఈ నట్టుకు ఇచ్చే బిగువు సాధారణంగా 30 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, చెయ్యి చాచి ఊపిరి బిగబట్టి లాగే బలం కన్నా చాలా తక్కువ. టార్క్ రెంచ్ లేని షెడ్డులో నట్టులు వదులుగా ఉండడం కన్నా అతిగా బిగిసి ఉండడమే నేనెక్కువ చూశాను.

సూరత్‌కు ప్రత్యేకంగా ఉన్నది తుప్పు. హజీరా, డుమస్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, నెలల తరబడి వాన, దానికితోడు వీధుల్లో నిలిచే నీళ్లు. 2006 ఆగస్టులో తాపీ వరద నగరంలో పెద్ద భాగాన్ని ముంచినప్పుడు బురదలో నానిన బండ్లలో స్టీరింగ్ జాయింట్లు ఎలా పట్టేశాయో కాక ఇప్పటికీ చెబుతాడు. పాత టై రాడ్ ఎండ్ ఊడకపోవడం కూడా కుదరని నట్టు కథలో భాగమే, ఎందుకంటే తీసేటప్పుడు పాడైన మర వేసేటప్పుడు ఎదురుతిరుగుతుంది. తుప్పు వదిలించే నూనె ముందురోజు సాయంత్రమే పోసి ఉంచడం సగం పని. స్టడ్‌ను విడదీయడానికి పుల్లర్ మంచిదా, సుత్తి మంచిదా అంటే, పుల్లర్. సుత్తే ఉంటే స్టడ్ కొస మీద కొట్టకూడదు. నకిల్‌కు రంధ్రం ఉన్న చోట ఒక పక్క బరువైన ఇనుము ఆనించి, ఎదురు పక్క ఒక్క గట్టి దెబ్బ వేయాలి. రంధ్రం ఒక్క క్షణం ఆకారం మారి టేపర్ టప్పున వదులుతుంది. నట్టును పూర్తిగా తీయకుండా కొసన రెండు చుట్లు ఉంచితే రాడ్ మొహం మీద పడదు. గ్యాస్ మంటతో కాల్చడం నాకు ఇష్టం లేదు. పక్కనే రబ్బరు, గ్రీజు, బ్రేకు పైపులు ఉంటాయి, పైగా నకిల్‌కు తయారీలో ఇచ్చిన గట్టిదనం పోవచ్చు.

రాడ్ మీద చెక్ నట్, టై రాడ్ ఎండ్ గురించి క్లుప్తంగా చెబితే చాలు. తీసేముందు బయటికి కనిపించే మర చుట్లు లెక్కపెట్టి సుద్దతో రాసుకోవాలి. కొత్తదానిలోకి రాడ్ తన లావుకు తక్కువ కాకుండా దూరి ఉండాలి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పదు. పాత జీపుల్లాంటి వాటిలో ఒక కొసన ఎడమ మర ఉంటుంది, అది తెలియక బలవంతం చేసినవాళ్లను చూశాను.

కాలమ్ కింది బోల్టు మాత్రం కాస్త ఆగి చూడదగ్గది. దాన్ని చాలామంది మర సమస్య అనుకుంటారు. బోల్టు సగం దాకా దూరి ఆగుతుంది, డ్రిల్ తెచ్చి రంధ్రం పెద్దది చేస్తారు. కడ్డీ మీద అడ్డంగా ఒక గాడి ఉంటుంది, బోల్టు దానిలోంచే పోవాలి. కడ్డీ పూర్తిగా దిగకపోతే గాడి ఎదురుగా రాదు, బోల్టుకు దారి ఉండదు. ఆ బోల్టు ఆగడమే హెచ్చరిక. రంధ్రం పెద్దది చేసి దూర్చినవాడు ఆ హెచ్చరికను డ్రిల్‌తో తుడిచేసినట్టు. విప్పి, కడ్డీని ఇంకొంచెం కిందికి దించితే బోల్టు వేలితోనే పోతుంది.

మర పోయిన స్టడ్‌కు వెల్డింగ్ చేసి లేత్ మీద మళ్లీ మర కోయించడం, నట్టునే స్టడ్‌కు అతికేయడం, వేరే బండి టై రాడ్ ఎండ్ కోసం నకిల్ రంధ్రాన్ని రీమర్‌తో తొలచడం. ఇవన్నీ జరుగుతున్నాయి, చేసేవాళ్లూ పని తెలియనివాళ్లు కారు. మగ్గం మీద విరిగిన ఇరుసును అతికి పదేళ్లు నడిపిన చేతులవి. మగ్గం దగ్గర ఆ నేర్పుకు నేను చేతులు జోడిస్తాను. అతుకు విరిగితే మగ్గం ఆగుతుంది. స్టీరింగ్ స్టడ్ గట్టిదనం మాత్రం వేడి చికిత్స చేసి తెచ్చింది, వెల్డింగ్ వేడి ఆ గట్టిదనాన్ని తీసేస్తుంది, అతుకు పక్కన పెళుసుదనాన్ని పెడుతుంది. చట్రంలో ర్యాక్ బోల్టు పట్టే రంధ్రంలో మర పోతే తీగ చుట్ట లాంటి హెలికాయిల్ వేయడం వేరు, తయారీదారు అనుమతిస్తే అది పద్ధతైన మరమ్మతే. స్టడ్‌కు మాత్రం మరమ్మతు లేదు, మార్పిడే.

ఇది ఒక్క షెడ్డు చాదస్తం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వది స్టీరింగ్ గురించే. స్టీరింగ్ చక్రంలో ఆట 30 డిగ్రీలు మించకూడదని, బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగు ఉండాలని, కలిపే బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాక్ అయి ఉండాలని అది చెబుతుంది. టీ ధర పిన్ను చట్టంలో ఉందన్నమాట. 2023 జులైలో మారుతీ సుజుకీ 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లను వెనక్కి పిలిచింది. 2021 జులై 5కీ 2023 ఫిబ్రవరి 15కీ మధ్య తయారైన ఆ బండ్లలో టై రాడ్‌లోని ఒక భాగం అరుదుగా విరగవచ్చని, స్టీరింగ్ అదుపు దెబ్బతినవచ్చని కంపెనీయే ప్రకటించి ఉచితంగా మార్చింది. అరుదుగా అన్న ఒక్క మాటకే దాదాపు తొంభై వేల బండ్లను పిలిచారు. షెడ్డులో ఒక బండికి అరగంట ఎక్కువ పట్టడం దాని ముందు ఎంత?

ఆ అరగంటే కష్టమని నాకు తెలుసు. బండి ఆగిన రోజు డ్రైవరుకు కిరాయి ఉండదు, మెకానిక్కుకు పని లెక్కనే డబ్బు. నట్టు కోసం రెండోసారి దుకాణానికి పంపడమంటే ఇద్దరికీ నష్టం. ఆ నష్టాన్ని తగ్గించడానికి కాక షెడ్డు గోడకు ఒక చెక్క పలక కొట్టాడు. దాని మీద వరసగా బోల్టులు, తలలు లోపలికి, మరలు బయటికి. 8, 10, 12, 14 లావుల్లో, ఒక్కోదానిలో దొరికినన్ని పిచ్‌లు. ఏ నట్టైనా బండి కిందికి పోయేముందు ఆ పలక మీద ఎక్కి దిగాలి. ఒక్కో బోల్టు కింద సుద్దతో రాసి ఉంటుంది: ఒకటింబావు, ఒకటిన్నర, ఒకటీ ముప్పావు. మన ఇళ్లలో బియ్యానికీ పాలకూ వాడే లెక్కే పిచ్‌కు అతికినట్టు సరిపోయింది.

ఆ రోజు కాక పైపు పక్కన పెట్టించి, 1.5 నట్టును వెనక్కి తిప్పి తీసి, స్టడ్ మొదటి చుట్ల మీద గోరు ఆడించాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు, మర ఇంకా దెబ్బతినలేదు. పలక మీది 10, ఒకటింబావు బోల్టును ఊడదీసి కుర్రాడి చేతిలో పెట్టాడు.

"ఇది జేబులో ఏస్కపో. నంబరు చెప్పకు. దస్, సవా అని అడుగు. ఇచ్చినంక ఆడనే దీనికి తిప్పి చూసి తీస్కరా."

పావుగంటలో వచ్చాడు కుర్రాడు. నట్టు బోల్టు మీదే ఉంది, చివరిదాకా.